పుస్తకాలతో భార పరీక్ష

పదవీ విరమణకు ఇంకా రెండేళ్లు ఉందనగా, ఒక డిసెంబరు మొదటివారంలో, నన్ను కలకత్తాలోని మా సంస్థ పాత భవనాల విభాగానికి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా బదిలీ చేశారు. కొత్త కట్టడాలు కట్టించేవాళ్లకు పేరు వస్తుంది, పాత కట్టడాలు చూసేవాళ్లకు ఫిర్యాదులు వస్తాయి. నా బల్ల మీదికి వచ్చిన మొదటి ఫైలు ఖిదిర్‌పూర్‌లో మా సంస్థ అద్దెకిచ్చిన ఒక పాత మేడది. కింద టీ దుకాణం, పైన తెలుగువాళ్ల పఠనమందిరం. పై అంతస్తు ప్రమాదకరమని, నెలాఖరులోగా మందిరాన్ని ఖాళీ చేయించాలని అప్పటికే ఉత్తర్వు వెళ్లింది. ఆ అంతస్తు నేల భారం మోయగలదని పరీక్షించి నేను ధ్రువపత్రం ఇస్తే తప్ప ఆ ఉత్తర్వు రద్దు కాదు.

ఉత్తర్వుకు మూలం ఒక అర్జీ. టీ దుకాణం యజమాని నిమాయ్, పైన పాటలు పెట్టినప్పుడల్లా తన పాలగిన్నెలో సున్నం రాలుతోందని, కప్పుకు పూత వేయించమని రాశాడు. అది కార్యాలయంలో నాలుగు బల్లలు దాటేసరికి పూత సంగతి వెనక్కు వెళ్లి ప్రమాదం సంగతి ముందుకు వచ్చింది.

నేను తనిఖీకి వెళ్లిన రోజు నిమాయ్ వీధిలోనే ఎదురొచ్చాడు. ఆయన బెంగాలీ. తెలుగు మాత్రం తన దగ్గర టీ తాగే శ్రీకాకుళం వాళ్ల నుంచి నేర్చుకున్నాడు.

"దీదీ, నాను సున్నం పడతంది అన్నాను. వీల్లని ఎల్లగొట్టమన్లేదు. వీల్లెల్లిపోతే నా చా ఎవులు తాగతారు?"

అర్జీని వెనక్కు తీసుకోవచ్చా అని అడిగాడు. కుదరదన్నాను. ప్రమాదం అని ఒకసారి ఫైలులో పడ్డాక అర్జీదారు వద్దన్నా అది పోదు.

పై గదిలో గోడల వెంట పుస్తకాల బీరువాలు, రెండు బెంచీలు, ఒక హార్మోనియం, మేకులకు వేలాడుతున్న తప్పెటలు ఉన్నాయి. తప్పెట అంటే గుండెకు కట్టుకుని వాయించే రేకు వాయిద్యం. దాన్ని వాయిస్తూ గుండ్రంగా ఎగురుతారు. పాలగిన్నెలో సున్నానికి కారణం నాకు అక్కడే తెలిసింది. ఎదుటి గోడ నిండా సముద్రం బొమ్మ. దాన్ని వేసింది మందిరం కార్యదర్శి సింహాచలం గారు. రేవులో ఓడలకు రంగులు వేసి రిటైరయ్యారు.

"ఏటమ్మా, మూసెత్తారా?" అని ఆయన నిలబడే అడిగారు.

పరీక్ష చేస్తానన్నాను.

"పరీచ్చ పోతే?"

"మూసేస్తాం."

"నెగ్గితే?"

"మూయం."

ఆయన అప్పుడు కూర్చుని, "అదీ బాగానే ఉందిలెండి" అన్నారు.

బెంచీ మీద ఒకావిడ చదువుకుంటూ ఉంది. పేరు దాలమ్మ. గోదాములో గోనెసంచులు కుడుతుంది. తల ఎత్తకుండానే అంది: "ఇంటికాడ పుస్తకం తీత్తే నాకేటీ పన్లేదనుకుంతారమ్మా. ఎంటనే ఏదో ఒకటి సెప్తారు. ఇక్కడ ఎవులూ సెప్పరు. ఇది మూసెత్తే నాను మల్లీ పనిలో పడిపోతాను."

ఆవిడ మళ్లీ పుస్తకంలో పడింది. నేనూ కొలతల్లో పడ్డాను.

ఆ నేల కలకత్తా పాత పద్ధతిది. ఇనుప దూలాలు, వాటికి అడ్డంగా చిన్న కమ్మీలు, వాటి మీద పెంకులు, ఆ పైన సున్నపు గచ్చు. నేల ఎంత బరువు మోయాలో లెక్కగట్టి, అంతకు పైన మరికొంత కలిపి గది మధ్యలో పేర్చాలి. ఒక రోజంతా ఉంచి, దూలం ఎంత కుంగిందో కొలవాలి. తర్వాత బరువు తీసేసి మరో రోజు ఆగి, ఎంత తిరిగి లేచిందో చూడాలి. కుంగినదాంట్లో నాలుగింట మూడు వంతులైనా లేస్తే నేల ఆరోగ్యంగా ఉన్నట్టు. ఈ నియమం కాంక్రీటుకు రాసింది. పాత నేలలకు వేరే నియమం లేదు కనుక మా విభాగంలో దీన్నే వాడేవాళ్లం.

బరువుకు మామూలుగా ఇసుక బస్తాలు వాడతారు. వాటిని తెప్పించడానికి టెండరు పిలవాలి. టెండరు తెరిచేసరికి నెలాఖరు దాటిపోతుంది. బీరువాలు గోడల పక్కన ఉండటం వల్ల వాటి బరువు దాదాపుగా గోడల మీదే పడుతోంది. పుస్తకాలను గది మధ్యకు చేరిస్తే కావలసిన భారం అక్కడే దొరుకుతుంది, ఖర్చు లేదు. ఈ ఆలోచన నాదే. దస్త్రంలో కూడా అలాగే రాశాను.

కింద దుకాణంలో దూలాలకు కొద్ది ఎడంగా ఆసరా కొయ్యలు నిలబెట్టించాను, ఏదైనా జరిగితే పట్టుకోవడానికి. దూలం అడుగున డయల్ గేజులు బిగించాం. ఇది చేతిగడియారంలాంటి పరికరం, మిల్లీమీటరులో నూరో వంతు కదిలినా ముల్లు చూపిస్తుంది. వేడి తగిలితే ఇనుము సాగుతుంది కనుక నిమాయ్ తన పొయ్యిని ఫుట్‌పాత్ మీదికి మార్చాడు. గేజుల దగ్గర మా జూనియర్ ఇంజనీరు మండల్ కూర్చున్నాడు. సముద్రం బొమ్మ మధ్యలో ఒక పగులు ఉంది. దానికి అడ్డంగా పల్చటి గాజు బిళ్ల అతికించాం. పగులు పెరిగితే గాజు విరుగుతుంది.

మర్నాడు వెళ్లేసరికి గాజు బిళ్ల పడవ అయింది. తెరచాప, ఇద్దరు మనుషులు కూడా వచ్చారు.

"సముద్రం మద్దిలో తెల్లగా బిల్ల కనిపిత్తే బాగోదమ్మా" అన్నారు సింహాచలం గారు.

గాజు మీద రంగు ఉన్నా విరిగితే తెలుస్తుంది. అందుకని వదిలేసి, నివేదికలో "ఒకటో నంబరు గాజు బిళ్ల (పడవ)" అని నమోదు చేశాను.

పుస్తకాలను కట్టలు కట్టి తూకం వేయడానికి ఒక పూట చాలనుకున్నాను. సభ్యులు పనులు మానుకుని సాయానికి వచ్చారు. బీరువాలో నుంచి తీసిన ప్రతి పుస్తకాన్నీ కట్టలో పెట్టే ముందు ఒకసారి తెరిచారు. తెరిచినవాళ్లు కూర్చున్నారు. నిమాయ్ టీ పంపించాడు. టీ వచ్చాక ఎలాగూ లేవరు. పూట పని రెండు రోజులు పట్టింది.

మూడో రోజు ఉదయానికి పూర్తి భారం ఎక్కింది. దూలం లెక్కప్రకారమే కుంగింది. ఆ తర్వాత ముల్లు అక్కడే ఉండాలి, లేదా ఇంకో వెంట్రుకవాసి దిగాలి. సాయంత్రం మండల్ ఫోన్ చేసి, నేల పైకి లేస్తోందని చెప్పాడు. భారం కింద ఉన్న నేల లేవదు. గేజు చూడమన్నాను. రెండు గేజులూ అదే చెబుతున్నాయన్నాడు.

నేను వెళ్లి మెట్లెక్కి చూశాను. సభ్యులు గోడల వెంట వరసగా కూర్చుని చదువుకుంటున్నారు. మధ్యలో కట్టల గుట్ట బాగా తగ్గింది. దాలమ్మ దగ్గర విప్పిన తాడు ఉంది.

"ఏమిటమ్మా ఇది?" అన్నాను.

"ఈ నవల రెండో బాగం అడుగున పడిపోయిందమ్మా. ఆ పిల్ల రైలెక్కిందో లేదో తెలీకుండా రేపటిదాకా ఎలాగుంతాను?"

"మిగతావాళ్లు?"

"నాను ఇప్పితే ఆల్లూ ఇప్పారు" అంది, నేరం తనదే అన్నట్టుగా.

"ఆమె రైలెక్కిందా?" అని సింహాచలం గారు అడిగారు.

"సెప్పను. నువ్వు సదువుకో దాదా" అంది దాలమ్మ.

పరీక్ష చెల్లదని ప్రకటించాను. మళ్లీ మొదలుపెట్టాలంటే నేలకు మూడు రోజులు విశ్రాంతి ఇవ్వాలి. ఆ తర్వాత నెలాఖరులోపు ఇంకొక్క ప్రయత్నానికి మాత్రమే వ్యవధి ఉంది. అదీ చెడితే తాళం వేయక తప్పదని చెప్పాను. దాలమ్మ చదువుతున్న పేజీలో వేలు అలాగే ఉంచి పుస్తకం మూసింది.

కాపలా పెట్టుకుంటామని సింహాచలం గారు అన్నారు. ఆయన ఒళ్లో కూడా ఒక పుస్తకం ఉంది కనుక నేను ఒప్పుకోలేదు. అప్పుడు దాలమ్మ, "ఎవులూ సదవనియ్యి పెట్టండమ్మా. మూలబీరువాలో ఉన్నాయి" అంది. ఆ బీరువాలో విరాళంగా వచ్చిన వార్షిక నివేదికలు, సన్మాన సంచికలు, మహాసభల ఉపన్యాస సంపుటాలు ఉన్నాయి. కొన్నిటికి అతుక్కున్న పేజీల అంచులు ఇంకా కోయనేలేదు. తూకం వేస్తే కావలసినదాంట్లో సగం కూడా రాలేదు. మిగతాది ఎక్కడ దొరుకుతుందో నాకు తెలుసు. మా విభాగం స్టోరులో గడువు తీరిన ధరల పట్టికలు, కట్టడం పనులు ఎలా చేయాలో చెప్పే పాత నిర్దేశ గ్రంథాలు నేల నుంచి కప్పు దాకా ఉన్నాయి. చిన్న లారీ మాట్లాడి తెప్పించాను. సభ్యులు వాటిని ఒక్క పూటలో తూచి, కట్టి, పేర్చేశారు. ఎవరూ కూర్చోలేదు.

ఈసారి భారం దగ్గర నేనే కూర్చున్నాను. బీరువాలకు తాళాలు వేయించాను కనుక చదవడానికి మా నిర్దేశ గ్రంథం తప్ప ఏమీ లేదు. కట్టలో నుంచి తీయకుండా, విడిగా ఉన్న ఒక ప్రతిని తెచ్చుకున్నాను. సున్నపు గచ్చు అధ్యాయం చాలా బాగా రాశారు.

"కతా అమ్మా?" అంది దాలమ్మ.

కాదన్నాను. అయినా చదవమంది. సున్నం, సుర్కీ అనే ఇటుకపొడి కలిపి పరిచి, కూలీలు వరసగా కూర్చుని, కొట్టిన చెక్క ఎగిరి వెనక్కు వచ్చేదాకా గచ్చును చెక్కలతో కొట్టాలని చదివాను. టీ తెచ్చిన నిమాయ్ గుమ్మంలో ఆగిపోయాడు. వాళ్ల అమ్మమ్మ ఆ పనే చేసేదని, కొడుతూ పాడేవాళ్లని చెప్పాడు. సభ్యులు పాడమన్నారు. గొంతు అంత బాగోలేదు, తాళం మాత్రం గట్టిది. అందరి పాదాలూ కదిలాయి. ఎగరవద్దని మాత్రం హెచ్చరించాను.

కింద నుంచి మండల్ ఫోన్. ముల్లు వణుకుతోందని, వణికి ప్రతిసారీ సరిగ్గా అదే గీత మీదికి వస్తోందని చెప్పాడు. నమోదు చేయమన్నాను. కారణం అనే గడిలో ఏం రాయాలన్నాడు. "గానం" అని రాయించాను.

భారం తీసిన మర్నాడు దూలం మూడు వంతుల కంటే బాగా ఎక్కువే లేచింది. పడవ విరగలేదు. ధ్రువపత్రం మీద గడువుకు ముందురోజు సంతకం చేశాను. షరతులు రెండు. బీరువాలు గోడల పక్కనే ఉండాలి. తప్పెటలు కింద వీధిలో వాయించుకోవాలి. నిమాయ్ అర్జీ ప్రకారం పూత పని విడిగా మంజూరు చేశాను. సింహాచలం గారు ధ్రువపత్రాన్ని రెండుసార్లు చదివారు. దాలమ్మ చదవలేదు. ఆవిడ చేతిలో మూడో భాగం ఉంది.

భార పరీక్షకు వాడే వస్తువుకు ఉండవలసిన లక్షణాలు మా నిర్దేశ గ్రంథంలో రెండే ఉన్నాయి. తూకం కచ్చితంగా తెలియాలి, సమంగా పేర్చడానికి వీలుండాలి. ఆ వస్తువు పరీక్ష జరిగే రోజున ఎవరికీ అక్కరలేనిదై ఉండాలన్న మూడో లక్షణాన్ని చేర్చమని ప్రధాన కార్యాలయానికి సవరణ పంపాను. అది ఆమోదం పొందలేదు. నేను మాత్రం ఆ తర్వాత చేసిన పరీక్షలన్నిటిలో ఇసుకే వాడాను.