లాంచీలో చెప్పులు, ఒడ్డున వదిన

"ఉప్పులేని కూడెట్టి నా తమ్ముణ్ని సంపేసినావు కదే!"

"ఉప్పు మెక్కి నువ్వు బతికే ఉన్నావు గదా ఒదినా, సాల్లే!"

ఇవీ మేమిద్దరం ఆఖరుసారి ఒకరితో ఒకరు ఆడుకున్న మాటలు. మా ఆయన పెద్దకర్మ రోజున, పందిట్లో, విస్తళ్ల ముందు, ఊరంతా ముద్ద నోట్లో ఆపుకుని వింటుండగా ఆడుకున్నవి. మొదటి మాట మా ఆయన అక్క సూరమ్మ వదినది. రెండోది నాది. ఆ తర్వాత మూడేళ్లు మా మధ్య మాటల్లేవు. ఆ మూడేళ్లూ నిండిన ఏడాది పాపికొండల లాంచీ ఎక్కి, ఆవిడను గోదావరి ఒడ్డున వదిలేసి నేను హాయిగా వెళ్లిపోయాను. కావాలని చెయ్యలేదు. ఈ మాట అప్పటినుంచీ కనబడ్డవాళ్లందరికీ చెబుతున్నాను, ఒక్కరూ నమ్మడం లేదు. మీరైనా నమ్మండి.

ముందు ఆ ఉప్పు సంగతి చెప్పాలి. మా ఆయనకు బీపీ. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు. తగ్గించడమంటే ఎంతో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. రెండో తరగతిలో బడి మానేసిన దాన్ని, నాకు చిటికెలూ చెంచాలూ ఎవరు నేర్పారు? గొడవ లేకుండా మొత్తానికే మానేశాను. పదేళ్లు. "పైడీ, ఈ పులుసు వాననీళ్లలాగుందే" అనేవాడు పాపం, తినేవాడు. సీలేరు కాలనీ నుంచి వదిన వచ్చినప్పుడల్లా కొంగు చాటున ఆవకాయ తెచ్చి తమ్ముడికి తినిపించేది. నేను లాక్కునేదాన్ని. ఇంట్లో ఒక యుద్ధం ఎప్పుడూ పొయ్యి మీద ఉడుకుతూనే ఉండేది.

ఇప్పుడు మా ఇద్దరి మధ్య పడ్డ పందెం ఏమిటో అర్థమైంది కదా? ఎవరు ముందు నోరు తెరిస్తే వాళ్లు తప్పు ఒప్పుకున్నట్టు. ఆయన పోయింది నా వంట వల్లనా, ఆవిడ ఆవకాయ వల్లనా అన్నది ఆ ఒక్క మాటతో తేలిపోతుంది. అందుకే ప్రాణం పోయినా నేను ముందు మాట్లాడకూడదు.

మాటల్లేవంటే అసలు మాట్లాడుకోలేదని అనుకునేరు! పెళ్లిళ్లలో, పేరంటాల్లో మేము గోడతో మాట్లాడేవాళ్లం, రోలుతో మాట్లాడేవాళ్లం, ఒకసారి పక్కింటి గేదెతో గంటసేపు మాట్లాడాం. ఆ గేదె రెండు రోజులు పాలివ్వలేదు.

ఈ ముడి విప్పాలని పూనుకుంది వదిన మనవరాలు శిరీష. అడ్డతీగలలో నర్సు. అదే ఇప్పుడు నేను చెబుతుంటే ఇది రాస్తోంది. నవ్వకు, రాయి. నాకు ఫోను చేసి, "చిన్నమ్మమ్మా, నీకు కాస్త గాలిమార్పు కావాలి, పాచిపెంట నుంచి బస్సెక్కి వచ్చెయ్యి, లాంచీ ఎక్కిద్దాం" అంది. అదే రోజు వాళ్ల అమ్మమ్మకీ ఫోను చేసి అదే పాట పాడింది. నన్ను తను తీసుకొచ్చింది, ఆవిడను వేరే జీపులో రప్పించింది. లాంచీ రేవులో ఇద్దరం ఎదురుపడేసరికి రెండు పిల్లులు ఒకే గోడ మీద కలుసుకున్నట్టయింది. వెనక్కి తిరిగి చూస్తే ఈ శిరీష గుంట లేదు. "డ్యూటీ పడింది" అని దూరం నుంచి ఒక కేక, అంతే.

నారింజరంగు జాకెట్లు తొడిగి ఇద్దరినీ పక్కపక్క సీట్లలో కూర్చోబెట్టారు. ఆ జాకెట్టులో వదిన బొప్పాయికి నడుం కట్టు కట్టినట్టుంది. నేనెలా ఉన్నానో నాకు తెలియదు, అక్కడ అద్దం లేదు. మా ఇద్దరి మధ్య పైకప్పును మోసే ఇనప గుంజ ఒకటి ఉంది. ఆ రోజు దానికి పట్టిన గతి పగవాడికి కూడా వద్దు.

కిటికీ పక్క సీటు వదిన పట్టేసింది. నేను గుంజతో అన్నాను:

"ఓ గుంజా, కొండలన్నీ తానొక్కతే మింగేత్తాదేటో కనుక్కో."

"ఓ గుంజా, కొండలు పెద్దయి, అందరికీ సాలుతాయని సెప్పు."

మైకు పట్టుకున్న గైడు, నెరిసిన మీసాల పెద్దమనిషి, దగ్గరికొచ్చి వంగి చూశాడు. "అమ్మా, ఆ గుంజ మాట్లాడదండి."

"మాకూ తెల్సు బాబూ, అందుకే దాంతో మాటాడతన్నాం" అన్నాను.

మొదట అమ్మవారి గుడి దగ్గర ఆపారు. వదిన గంట కొట్టి, "తల్లీ, నోటి దురుసు మనుసులకి కూసింత బుద్ధియ్యి" అని గట్టిగా మొక్కింది. నేను ఇంకా గట్టిగా కొట్టి, "తల్లీ, అడిగినోలకే ముందియ్యి" అన్నాను. పూజారి ఇద్దరికీ తీర్థం బేగి పోసి పంపించేశాడు.

లాంచీలో ఉప్మా పెట్టారు. నోట్లో పెట్టుకుంటే సముద్రం. "ఓ గుంజా, నాకూ బీపీ ఒచ్చినాదని మొన్ననే సెప్పినారు. ఈ ఉప్మా నానొల్లను" అని పళ్లెం పక్కకు నెట్టాను. వదిన దీనికి బాణం లాంటి జవాబు వేస్తుందని ఎదురుచూశాను. వెయ్యలేదు. నా వైపు ఒకసారి తిరిగి చూసి, మళ్లీ కొండల వైపు తిరిగిపోయింది. గెలుపు నాదే అనుకున్నాను. ఆనాటి పైడమ్మ తెలివి అంతవరకే.

కొండల సందు దాటి, పైన శివాలయం ఉన్న ఊరి దగ్గర ఆపారు. ముప్పావు గంట టైము. జాకెట్లు సీట్లలో వదిలి, గుడికి వెళ్తున్నాం కదా అని చెప్పులు సీటు కిందే విడిచి, అందరం దిగాం. ఇసుకలో ఆడవాళ్లు వెదురు బుట్టలు అమ్ముతున్నారు, ఒక పక్క వెదురు బొంగుల్లో కోడిమాంసం కాలుస్తున్న పొగ. నేను దేవుడికి దండం పెట్టి, మోకాళ్లు మొరాయిస్తుంటే అందరికన్నా ముందు వచ్చి కూర్చున్నాను. జనం ఎక్కుతున్నారు. వదిన సీటు ఖాళీ. ఆవిడకు అడ్డపొగ అలవాటు, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని ఏ మూలో పీలుస్తూ ఉంటుంది, లేదా నా మీద కోపంతో పై అంతస్తులో కూర్చుని ఉంటుంది అనుకున్నాను. పీడ పోయింది! కిటికీ పక్కకు జరిగాను.

ఇక్కడే అసలు ఘనకార్యం. ఒడ్డున బుట్టలమ్మే ఒకామె తలమీద ఖాళీ గంప పెట్టుకుని లాంచీ వైపు చూస్తూ నిలబడి ఉంది. మా వైపు సంత రోజున జీపు దారిలో నిలబడ్డవాళ్లను వదిలి కదలదు. లోపల చోటు లేకపోతే పైన, పైన లేకపోతే వెనక వేలాడదీసి తీసుకుపోతారు. నిలబడ్డ మనిషిని చూస్తూ వెళ్లిపోవడం మాకు పాపం. నా నోరు ఊరుకుంటుందా?

"ఎక్కడికెల్లాలమ్మా?"

"కింద ఊరికమ్మా. మా బిడ్డ కాడికి."

"మరి సూత్తావేటి? ఎక్కు! ఇక్కడ సీటు కాళీయే."

చెయ్యి పట్టి లాగాను. పాపం మునిగిపోతుందేమోనని వదిన జాకెట్టు తీసి తొడిగాను. అటు చూస్తే గైడు మనుషులను లెక్కపెట్టుకుంటూ వస్తున్నాడు. "నలభై, నలభై ఒకటి, నలభై రెండు. సరిపోయిందండి. పోనివ్వండి!"

లాంచీ కదిలింది. ఓలమ్మా, ఆ పావుగంట సుఖం నేనెలా చెప్పను! వచ్చేటప్పుడు వదిన కొప్పే కనిపించింది, ఇప్పుడు కొండలన్నీ నావి. రెండు వైపులా పచ్చటి కొండలు దగ్గరికి జరిగి, నీళ్లు నల్లగా నిగనిగలాడుతూ, గాలి చెవుల్లో చల్లగా దూరుతూ. నేను రాణీని. పక్కన బుట్టలామె నా మాటలకు బుద్ధిగా తల ఊపుతోంది. ఇలాంటి వదిన దొరక్కపోయిందే అనుకున్నాను కూడా.

అప్పుడామె కాళ్లు ముడుచుకుంటూ అడిగింది: "అమ్మా, ఈ సెప్పులెవరివి?"

వంగి చూశాను. నీలం పట్టీల చెప్పులు. ఎడమ దానికి తాడు కుట్టు. వదినవి. చెప్పులున్నాయి, కాళ్లు లేవు.

పై అంతస్తుకు పరిగెత్తాను. మోకాళ్లు ఏమయ్యాయని అడక్కండి. పైన లేదు, వెనక లేదు, వంటగది దగ్గర లేదు. గైడును పట్టుకున్నాను.

"బాబూ, ఒక మనిసి తగ్గినాది!"

"లేదమ్మా, నేనే లెక్కపెట్టానండి. నలభై రెండు."

"ఆ నలభై రెండోది ఇదిగో, ఈయమ్మ. ఒడ్డున నిలబడితే నానే ఎక్కించినాను."

ఆయన మీసాలు వాలిపోయాయి. "మరి దిగిపోయినావిడ పేరేంటండి?"

పేరు నోట రాలేదు. వదిన పేరు నేనెప్పుడైనా పెట్టి పిలిచానా?

"మీకేమవుతారండి?"

"ఏటీ కాదు."

"ఏమీ కానావిడకోసం మీరు ఏడుస్తున్నారేంటండి?"

నేను ఏడుస్తున్నానన్న సంగతి అప్పటిదాకా నాకే తెలియదు. ఆయన, "ఎక్కడైనా ఉంటే పలకమనండి" అంటూ మైకు నా నోటి ముందు పెట్టాడు. పెట్టకుండా ఉండాల్సింది. మూడేళ్లుగా బిగించి ఉంచిన గొంతు ఒక్కసారి తెరుచుకుంది.

"ఒదినా! ఒదినో! ఓ ఒదినా!"

లాంచీ మైకు, అటూ ఇటూ కొండలు. ఈ కొండ అన్న మాట ఆ కొండ అందుకుంది. గోదావరి పొడవునా "ఒదినా, ఒదినా" అని మారుమోగింది.

లాంచీ వెనక్కి తిరిగింది. కొంతమంది సణిగారు. "ఊరుకోండి, కొండలు రెండుసార్లు చూస్తాం" అని కొంతమంది చప్పట్లు కొట్టారు. బుట్టలామె మాత్రం, "నాకేం తొందర లేదమ్మా, ఇట్టానే తిప్పండి" అని కిటికీ దగ్గరికి జరిగింది.

ఒడ్డు కనిపించింది. కాలే ఇసుకలో, ఉత్త కాళ్లతో, ఒకసారి ఈ కాలూ ఒకసారి ఆ కాలూ ఎత్తుతూ నిలబడి ఉంది మా వదిన. చేతిలో మసిబారిన వెదురు బొంగు ఒకటి, గదలా. క్షేమంగా ఉందని తెలియగానే నా ఏడుపు ఆగిపోయి, పందెం గుర్తొచ్చింది. చూడండి నా బుద్ధి! పెదవులు బిగించుకున్నాను. ఆవిడా బిగించుకుంది. నలభై మంది మా ఇద్దరి నోళ్లవైపు చూస్తున్నారు.

వదిన పక్కనున్న బండరాయితో అంది: "ఓ బండా, నా సెప్పులు నాకిమ్మను."

నేను రెండు చేతుల్లో చెప్పులు పట్టుకుని, రాజుగారికి పాదుకలు మోసుకెళ్తున్నంత ఠీవిగా, లాంచీ నుంచి ఒడ్డుకు దించిన చెక్క మీద అడుగు వేశాను. చెక్క తడి. రెండో అడుగు గాలిలో పడింది. మూడోది వెయ్యలేదు. నడుం లోతు నీళ్లలో గూటం దిగబడ్డట్టు కూర్చుండిపోయాను.

"ఒలే పైడీ! కాలిరిగినాదేటే?" అంటూ వదిన బొంగు పట్టుకునే నీళ్లలోకి వచ్చేసింది.

నేను నీళ్లలోనే చెప్పులు రెండూ పైకెత్తాను. "గెలిసినాను! ముందు నువ్వే మాటాడినావు!"

"నానా? ఊరూ వాడా ఇనీలాగ మైకులో 'ఒదినా' అని అరిసింది ఎవులే?"

"అది నీతో కాదు, లాంచీతో!"

"లాంచీ నీకు ఒదినేటే?"

లాంచీ రెండు పార్టీలయిపోయింది. ఆడవాళ్లు నావైపు, మగవాళ్లు భయం కొద్దీ ఎవరివైపూ కాదు. గైడు రెండు చేతులూ జోడించాడు. "ఇద్దరూ గెలిచారండి. ఎక్కండమ్మా, మీకు దణ్ణం పెడతాను."

భోజనాల వేళ వదిన బొంగు చీల్చి, మాంసం ఆకులో ఒంపి నా ముందుకు తోసింది. "తిను." ముక్క నోట్లో పెట్టుకున్నాను. ఘుమఘుమలాడుతోంది, కానీ ఉప్పు లేదు. తక్కువ కాదండి, అసలే లేదు. వాననీళ్లు నయం. ఒక్కసారిగా మా ఆయన కళ్లముందు కనబడ్డాడు. పదేళ్లు! పాపం, ఆ మహానుభావుడు నోరెత్తకుండా పదేళ్లు ఇది తిన్నాడు!

"ఎలగుందే?" అంది వదిన.

"బాగుంది" అన్నాను, మింగలేక.

"ఉప్పెయ్యకుండా దగ్గరుండి కొత్తగా కాల్పించినాను. అందుకే ఆలీసం అయిపోనాది. కేకేసినాను గానీ మీ లాంచీ చప్పుడులో ఎవులికినబడ్డాది?" బొంగులోకి చూస్తూ మళ్లీ అంది. "నా తమ్ముణ్నెలాగూ కాసుకోలేకపోనాం. నువ్వయినా ఉండాల గదే."

మూడేళ్ల పందెం ఆ ఆకులో పడి చల్లారిపోయింది. నేను కొంగుతో ముఖం తుడుచుకున్నాను. "ఒదినా, నిజం సెప్పేత్తన్నాను. సప్పగుంది. సచ్చీంత సప్పగుంది."

వదిన ఒక ముక్క తిని చూసింది. కళ్లు గుండ్రంగా అయ్యాయి. "ఓలమ్మో! ఇది ఆడెలా తిన్నాడే!"

"అదే నానూ ఆలోసిస్తన్నాను!"

ఇద్దరం నవ్వాం. గుంజ పట్టుకుని మరీ నవ్వాం. మా నవ్వు చూసి బుట్టలామె కొంగు ముడి విప్పి, ఒక ఉప్పురాయి తీసి ఇచ్చింది. వదిన దాన్ని పంటితో పటుక్కున కొరికి, సగం నా ఆకులో, సగం తన వైపు వేసింది. పదమూడేళ్ల కిందట ఆ డాక్టరు తగ్గించమన్నది బహుశా ఇంతే అయ్యుంటుంది.

కాబట్టి గోదారమ్మ సాక్షిగా, సాలూరు సంత జీపుల సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. నా పక్క సీటులో ఇకమీదట ఎవరినైనా కూర్చోబెట్టే ముందు సీటు కింద చెప్పులు ఎవరివో చూస్తాను, ఆ కాళ్లు ఎక్కడున్నాయో కనుక్కుంటాను, అప్పుడే చెయ్యి పట్టి లాగుతాను. లాగడం మాత్రం మాననని కూడా రాసుకో.

రాశావా శిరీషా? ఏదీ, మొదటినుంచి చదివి వినిపించు. మీ అమ్మమ్మ ముందు నోరు తెరిచిన చోటు గట్టిగా చదువు. నాకు అక్షరాలు రాకపోవచ్చు గానీ చెవులున్నాయి, అక్కడ ఒక్క ముక్క ఆవిడవైపు జరిగినా పట్టేస్తాను. పెరట్లో చుట్ట పీలుస్తోంది కదా, అక్కడిదాకా వినబడాలి. ఊఁ, చదువు.