కుడిచేతి గాజులు

కొత్తకోటలో బస్సు దిగుతూ జారి కుడి అరచేతి మీద పడ్డాను. నేను పక్క ఊరి బడిలో తెలుగు చెప్తాను. చెదిరిన పరీక్ష పేపర్లు ఏరుకోబోతే వేళ్లు పట్టలేదు. మణికట్టు దగ్గర చెయ్యి గరిటె కాడలా వంగి ఉంది. నొప్పి ఆ తర్వాత వచ్చింది.

ఇల్లు దగ్గరే. మా ఆయన తన మోటార్ వైండింగ్ షాపు నుంచి కటింగ్ ప్లేయర్ చేతిలోనే పట్టుకొని వచ్చాడు. అప్పటికే చెయ్యి వాచి గాజులు చర్మంలోకి దిగుతున్నాయి. ఆయన వాటిని పగలగొట్టబోతే అత్తమ్మ అడ్డం వచ్చింది. మొగుడు ఉండగా చెయ్యి బోసిగా చేయకూడదని, సబ్బు రాసి లాగమని ఆమె మాట.

"నా పానం కుడిచేతి గాజుల్లనే ఉన్నదా అమ్మా? ఎడమచేతికి ఉన్నయి, సాలు" అని నవ్వి, నా చేతికి తడి తువ్వాలు చుట్టి, పైనుంచి ఒక్కొక్కటే చిట్లించాడు.

వనపర్తిలో ఎక్స్‌రే తీసి డిస్టల్ రేడియస్ ఫ్రాక్చర్, అంటే మణికట్టు దగ్గర ఎముక విరిగిందన్నారు. ఎముక సరిచేసి పీఓపీ కట్టు వేశారు. గాజులు అలాగే ఉంటే వేళ్లకు రక్తం ఆడేది కాదని డాక్టర్ చెప్పాడు. "ఎముక తనే అతుక్కుంటుంది. వేళ్లు కదిలించే పని మీది" అన్నాడు.

కట్టు లోపల ఎప్పుడూ ఉక్క. దురద పుట్టిన చోటికి ఏదీ చేరేది కాదు. మా ఆయనే అన్నం కలిపి పెట్టేవాడు. ఆ కట్టు విప్పకముందే ఒక మధ్యాహ్నం ఆయన షాపులో కూలిపోయాడు. హార్ట్ అటాక్. దవాఖానకు చేరేలోపే పోయాడు.

పదో రోజు ఆడవాళ్లు నా ఎడమచేతి గాజులు తీశారు. కుడిచేతికి తీయడానికి ఏమీ లేవు. "ఈ చేతివి ఆయనే ముందుగాల తీసిండు కద" అని చుట్టాల్లో ఒక పెద్దావిడ మెల్లగా అంది. అత్తమ్మ ఆ మాటను కాదనలేదు.

నన్ను మూల గదిలో కూర్చోబెట్టారు. నెల మాసికం దాకా గడప దాటకూడదన్నారు. కట్టు విప్పించడానికి మాత్రం మా తమ్ముడు తీసుకెళ్లాడు. లోపలి నుంచి సన్నగా, పొట్టు రాలుతూ వచ్చిన చెయ్యి నాది అనిపించలేదు. మణికట్టు ఎటూ వంగదు. వేళ్లు అరచేతిని అందుకోవు. ఎముక బాగా అతికిందని, ఇది స్టిఫ్‌నెస్ అని, రోజూ ఫిజియోథెరపీకి రాకపోతే ఇలాగే బిగుసుకుపోతుందని డాక్టర్ అన్నాడు. ఇంటికొచ్చి మళ్లీ అదే గదిలో కూర్చున్నాను. హైవే మీద బస్సులు పోతున్న చప్పుడు వినిపించేది. గాజులకూ గుండెకూ సంబంధం లేదని నాకు తెలుసు. తెలిసినా ఆ పెద్దావిడ మాట గదిలోంచి పోలేదు. అత్తమ్మ మౌనాన్ని కూడా అదే మాటగా తీసుకున్నాను. చెయ్యి రోజురోజుకూ బిగుస్తోంది.

ఒక పొద్దున అత్తమ్మ పళ్లెంలో జొన్నపిండి ముద్ద తెచ్చి ముందు పెట్టింది. వేడినీళ్లతో అప్పుడే కలిపింది.

"రొట్టె కొట్టు."

"చెయ్యి రాదు అత్తమ్మా."

"రాదని నాకు తెల్వదా? కొట్టు."

నేను కదల్లేదు. ఆమె నా చెయ్యి పట్టుకొని పిండి మీద అదిమింది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా కొడుకు గాజులతోని పోలే పద్మా, గుండెతోని పోయిండు. గీ చెయ్యి బతకాలెనని గాజులు పగలగొట్టిండు. దాన్ని నువ్వు సంపుతవా?"

ఆ రొట్టె చేతికి ముక్కలుగా వచ్చింది. మాసికం కాకముందే ఆమే నన్ను వనపర్తి బస్సు ఎక్కించి పక్కన కూర్చుంది. అక్కడ ఫిజియోథెరపీలో కరిగిన మైనంలో చెయ్యి ముంచి, వేళ్లు ఒక్కొక్కటే వంచేవారు. ఇంటి దగ్గర రొట్టెలు మానొద్దన్నారు. మధ్యలో మళ్లీ వాచి, నిద్రపట్టక, ఇక వద్దనుకున్న రోజులూ ఉన్నాయి.

ఇప్పుడు మళ్లీ బడిలో సుద్దముక్క పట్టుకుంటాను. బోర్డు మీద పై వరుస రాయలేను. మణికట్టు పూర్తిగా వెనక్కి వంగదు, ఇక వంగదేమో. రొట్టె అంచులు పగులుతాయి. అత్తమ్మ అవే తింటుంది.

ఆయన కటింగ్ ప్లేయర్ వంటింటి గూట్లో పెట్టుకున్నాను. చదివేవారికి ఒక్కటే చెప్పగలను. చేతికి దెబ్బ తగిలితే వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయండి. అవి ఊడి రాకపోతే జాగ్రత్తగా పగలగొట్టండి లేదా కత్తిరించండి. ఎవరి అనుమతి కోసమూ ఆగకండి.