ఆరో గిన్నెలో ముక్క

ల్యాబు తుడిచే అక్క మెట్లెక్కేటప్పుడు ముందు కుడికాలు వేసి, మోకాలు అరిగిన ఎడమకాలిని వెనకాల తెచ్చుకుంటుంది. మూడు నెలల కిందట పరిశోధనకని ఆమె తుంటి ఎముకలోంచి మూలకణాలు తీశారు. సంతకం పెట్టిన కాగితంలో ఏముందో ఎవరూ విప్పి చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. ఇప్పుడవి ఆరో గిన్నెలో చొక్కా బొత్తామంత, కీళ్ల మధ్య మెత్తగా ఉండే మృదులాస్థి ముక్కగా ఎదిగాయి. రోజూ తుడుపు కర్ర గోడకానించి, ఇంక్యుబేటర్ అద్దంలోంచి దాన్నే చూసుకుంటుంది. ఎదుగుదల ప్రోటీన్లు కలిపిన ద్రవం పోసే అమ్మాయిని, "దానికి అన్నం పెట్టావా తల్లీ?" అని అడుగుతుంది. అది తన మోకాల్లోకే వస్తుందని కోడలితో కూడా చెప్పుకుంది.

ఈ ఉదయం ఆ అమ్మాయి ముక్కని తీసి ఒక యంత్రం కింద పెట్టింది.

"అదేంటమ్మా, నలిపేస్తావా?"

"ఎంత బరువు ఓర్చుకుంటుందో చూడాలి కదక్కా. ఇది పరీక్షకే. మనుషులకి పెట్టాలంటే ఇంకా ఏళ్లు పడుతుంది."

యంత్రం నొక్కుతూ పోయింది. చివరికి ముక్క చిట్లగానే అమ్మాయి అంకె చూసి చప్పట్లు కొట్టింది. "అన్నిటికంటే నీదే గట్టిదక్కా!"

అక్క నవ్వింది. ఎందుకు నవ్విందో ఆమెకే తెలియలేదు. బకెట్ పట్టుకుని మెట్ల దాకా వెళ్లి, ఏ కాలు ముందు వేయాలో తోచక అక్కడే నిలబడిపోయింది.