అడ్డు ఊడగొట్టిన కత్తి

మా చిన్నప్పుడు... మిరపకాయల పనంటే ముందు ఆముదం గిన్నె బయటికొచ్చేది. కల్లంలోకి దిగేవాళ్ళంతా మోచేతుల దాకా పట్టించుకునేవాళ్ళు. లేకపోతే రాత్రికి చేతులు భగభగ మండిపోయేవి.

ఆ నూనె చేతులతోనే కత్తి కూడా పట్టుకునేవాళ్ళు...

మా కల్లం కత్తి కమ్మరి దగ్గర చేయించింది. చెయ్యి ముందుకి జారకుండా పిడికీ పదునుకీ మధ్య అడ్డంగా చిన్న ఇనప ముక్క ఉండేది. గోనె పీచు దానికి చిక్కుకుంటోందని మా పెదనాన్న విసుక్కుని, సుత్తితో కొట్టి ఊడగొట్టాడు. ఇంటికి పెద్దాయన... అడిగేదెవరు?

ఆ ఏడు కాయలు బస్తాలకెత్తి కుట్టేశాక ముసురు పట్టింది. తేమ తగిలిందని మళ్ళీ విప్పి ఆరబోయాల్సొచ్చింది. మా అమ్మ ఒక బస్తా మూతి దగ్గర కుట్ల కింద కత్తి మొన దూర్చి బలంగా నెట్టింది. ముడి తెగలేదు. నూనె పిడికిలి సర్రున జారి పదును మీదికెళ్ళిపోయింది...

తెగిన చోట కారం. అమ్మ అరుపు నాకిప్పటికీ వినపడుతుంది. దాని వెనకే పెదనాన్న మాట కూడా.

"చూసుకుని కొయ్యొద్దా? ధ్యాస ఎక్కడ పెట్టుకుంటారో ఏంటో."

నాన్న తువ్వాలు చింపి అమ్మ చేతికి కట్టు కట్టాడు.

ఒంగోలులో డాక్టరు గారు కుట్లేశారు. నరాలు తెగాయి, రెండు వేళ్ళు ఇక ముడుచుకోవన్నారు. ఆ తర్వాత అమ్మ నాకు జడ వెయ్యలేకపోయింది. పాయలు చేతిలోంచి జారిపోయేవి. పక్కింటి పిన్ని దగ్గర జడ వేయించుకుని బడికెళ్ళేదాన్ని... అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తుండేది.

అసలు ఒళ్ళు మండే సంగతి ఇంకోటుంది. మరుసటి ఏడు కాయలు కల్లానికి రాకముందే పెదనాన్న చడీచప్పుడు లేకుండా ఆ కత్తిని కమ్మరి దగ్గరికి పట్టుకెళ్ళి మళ్ళీ అడ్డు వేయించుకొచ్చాడు. అంటే తెలుసు! తప్పెక్కడుందో ఆయనకి బాగా తెలుసు. "నావల్లే అమ్మాయ్" అని ఒక్క మాట... చచ్చేదాకా అనలేదు.

ఇప్పుడు షాపుల్లో అడ్డూ, రబ్బరు పిడీ ఉన్న కత్తులు ఎన్ని కావాలంటే అన్ని. వాటిని చూస్తే నాకు సంతోషం కాదు, కోపమొస్తుంది. ఇంత చిన్న ముక్క కోసమా అని...

మీ ఇళ్ళల్లోనూ ఇలా పనిముట్టు చేసిన గాయానికి తిట్లు తిన్నవాళ్ళుంటే రాయండి. చదవాలనుంది.

మా అమ్మ మాత్రం, వేళ్ళకేమైందని ఎవరడిగినా ఇవాళ్టికీ ఒకటే చెబుతుంది... "నాదే పొరపాటండీ, చూసుకోలేదు."