ఆఖరి షాట్‌లోని తెల్ల చుక్కలు

నాలుగేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. బరువని తెలుసు. ఇంత బరువని మొన్ననే తెలిసింది. నిన్నటి దాకా ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. మీరెవరో నాకు తెలియదు కాబట్టి, మొదటి నుంచీ మీకు చెప్పడం తేలిక.

నేను ముమ్మిడివరం వైపు రొయ్యల చెరువులకు టెక్నీషియన్‌ని. నీళ్లు పరీక్షించడం, మేత ఎంత వెయ్యాలో చెప్పడం నా పని. రైతులు నా మాట మీదే చెరువులు నడుపుతారు. దీనికి తోడు నాకు సినిమా పిచ్చి. ఒక యూనిట్ షూటింగ్‌కి చెరువు కావాలని వస్తే, సత్తిబాబు బాబాయ్‌గారిది నేనే కుదిర్చాను. ఆయనతో నాకు చుట్టరికమేమీ లేదు, పిలుపు అంతే.

ఎప్పుడో రాబోయే కాలంలో, సముద్రం మింగేసిన నగరంలో, హంతకుణ్ణి వెతుక్కుంటూ తిరిగే డిటెక్టివ్ కథ అది. సినిమా అంతా చీకటీ పొగా. ఇప్పుడు దానికి కుర్రకారులో యమా పేరు. తెర వెనక విశేషాలంటూ ఫోన్లలో బోలెడు వీడియోలు. ఆ నగరపు పొగమంచు మా ఎండు కొబ్బరి డొక్కలు కాల్చిన పొగ. డిటెక్టివ్ వేసుకున్న పొడుగు కోటు అమలాపురంలో టార్పాలిన్‌తో కుట్టించింది. రెండూ నేనే సమకూర్చాను. ఆ గొప్ప ఎన్ని టీకొట్ల దగ్గర చెప్పుకున్నానో లెక్కలేదు.

మొన్న అలాంటి వీడియోనే ఒకటి చూస్తున్నాను. ఆఖరి షాట్ గురించి. అద్దంలాంటి నల్లటి నీళ్లు, వాటిలో రంగు దీపాల నీడలు, అడుగు నుంచి ఒక్కొక్కటిగా పైకి తేలే తెల్ల చుక్కలు. అవి గ్రాఫిక్సట. నగరంలో చచ్చిపోయినవాళ్ల ఆత్మలట. వీడియో చేసినవాడు ఒక చుక్కను పెద్దది చేసి చూపించాడు. చుక్కకు మీసాలున్నాయి. కాళ్లు కొట్టుకుంటోంది. ఇన్నాళ్లూ లక్షలమంది చూస్తూనే ఉన్నారా దీన్ని?

అవి రొయ్యలు. ఊపిరాడక పైకొస్తున్న బాబాయ్‌గారి రొయ్యలు.

తెల్లవారబోయే ముందు వచ్చే నీలి వెలుగులో ఆ షాట్ తియ్యాలన్నారు డైరెక్టర్. నీటి మీద చిన్న అల కూడా ఉండకూడదట. అందుకని ఏరియేటర్లు, అంటే నీళ్లను చిలికి గాలి ఎక్కించే యంత్రాలు, ఆపమన్నారు. చెరువులో రొయ్యకు గాలి అన్నిటికన్నా తక్కువగా ఉండే వేళ అదే. అది తెలుసనే కదా రైతులు నన్ను పెట్టుకున్నది? ఏరియేటర్లు ఆపనివ్వనని బాబాయ్‌గారికి మాటిచ్చి, ఆయన్ని ఇంటికెళ్లి పడుకోమన్నాను కూడా. అయినా పది నిమిషాలే కదా అనుకుని స్విచ్ నేనే ఆపాను. పది కాస్తా ముప్పావు గంట అయింది. చుక్కలు తేలడం చూశాను. అవేమిటో ఆ గట్టు మీద నాకొక్కడికే తెలుసు. మరెందుకు ఊరుకున్నాను? భయమా? మొహమాటమా? రెండూ కాదు. కెమెరా పక్కన నిలబడి చూస్తుంటే నాకది అందంగా కనిపించింది. ఇంతకంటే సిగ్గుమాలిన మాట నా జీవితంలో లేదు.

పొద్దెక్కేసరికి గట్టు పొడుగునా చచ్చిన రొయ్యలు తెప్పలుగా చేరాయి. మరో ఇరవై రోజుల్లో పట్టాల్సిన పంట. యూనిట్ అప్పటికే సర్దుకుని వెళ్లిపోయింది. బాబాయ్‌గారు నీళ్లలోకి దిగి, దోసిలితో రొయ్యలు తీసి నాకు చూపించారు.

"ఏమైందంటావ్ అబ్బాయ్? నిన్న సాయంత్రం దాకా మేత బానే తిన్నాయి కదా."

"వైరస్ అండీ. పీతలు తెచ్చుంటాయి. ఆ మూల వల చూడండి, ఊడిపోయుంది."

చెరువులోకి పీతలు దిగితే వాటి వెంట రోగం దిగుతుందని మా వైపు గట్టు చుట్టూ వల కడతారు. ఆ వల చూసుకునే పని బాబాయ్‌గారి తమ్ముడు నూకరాజుది. ఆ మూల షూటింగ్ జనరేటర్ వైర్ల కోసం వల పీకించింది నేనే. మళ్లీ కట్టించడం మర్చిపోయాను. గట్టిగానే కట్టేనన్నయ్యా అని నూకరాజు తల్లి మీద ఒట్టేసి చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. టెక్నీషియన్ చెప్పిన మాట ముందు అతని ఒట్టు ఏం నిలుస్తుంది? అన్నదమ్ముల మధ్య మాటలు పోయాయి. ఆర్నెల్లు తిరక్కుండానే నూకరాజు కువైట్ వెళ్లిపోయాడు. అతను వ్యాను ఎక్కుతుంటే నేను అక్కడే ఉన్నాను, సూట్‌కేసు కూడా పైకి అందించాను.

నిన్న పొద్దున్నే బాబాయ్‌గారింటికి వెళ్లాను. ఫోన్లో ఆ షాట్ పెట్టి ఆయన చేతికిచ్చాను. ఒక్క గుక్కలో అంతా చెప్పేశాను. ఆయన కళ్లజోడు తెచ్చుకుని రెండుసార్లు చూశారు. రైతు కదా, అవేమిటో తెలియడానికి రెండోసారి చూడక్కర్లేదు. తిడతారనుకున్నాను. చెయ్యి చేసుకున్నా పడడానికి సిద్ధపడే వెళ్లాను. ఆయన పంట ఊసే ఎత్తలేదు.

"అంటే మావాడు సరిగానే కట్టేడా?"

"ఆయ్. సరిగానే కట్టేడండీ. వైర్ల కోసం నేనే పీకించేను."

ఫోన్ నా చేతిలో పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చున్నారు. వెళ్లమనలేదు. ఉండమనలేదు. క్షమించమని నేను అడగలేదు. చెప్పులేసుకుని వచ్చేశాను. వీధిలో బండి తీస్తుంటే గుండెల నిండా గాలి ఆడింది, నాలుగేళ్లలో మొదటిసారి. లోపల ఆయన అలాగే కూర్చుని ఉన్నారు. నాకు మాత్రం హాయిగా ఉంది. అందుకూ సిగ్గేసింది.