ఆయమ్మ పెట్టిన పరీక్ష

మా ఆయమ్మ పోయిందని ఈ నెల మొదట్లో కోరుట్ల నుంచి ఫోను వచ్చింది. జగిత్యాల అనాథాశ్రమంలో ఇద్దరం పనిచేశాం. నాది వంట, ఆమెది పిల్లల్ని సాకడం. పదో రోజు భోజనాల దగ్గర ఎవరో, "ఏం జేసింది? పిల్లల ముడ్లు కడిగింది" అన్నారు. నాకు అక్షరం రాదు. మనుమరాలితో రాయిస్తున్నాను. ఏం చేసిందో వినండి.

పన్నెండేళ్ల కింద మా దగ్గరి ఆరేళ్ల పిల్లను ఇటలీ దంపతులు దత్తత అడిగారు. అందరం కలిసి పిల్లకు ఇంగ్లీషు నూరిపోస్తున్నాం. "వాటర్ అను, అప్పుడే నీళ్లు" అని నేనూ బెదిరించాను. ఆయమ్మ ఒకనాడు ఆఫీసు సారును అడిగింది:

"సారూ, ఆళ్లింట్ల ఏం మాట మాట్లాడుతరు?"

సారు కాగితాలు తిరగేశాడు. ఇంగ్లీషు కాదట, ఇటలీ మాటేనట! ఆ సంగతి అడగాలని అంతవరకు మాలో ఒక్కరికీ తోచలేదు.

నాకు భయం పట్టుకుంది. "ఆడ కడుపు నొస్తే పిల్ల ఎవలకు చెప్పుకుంటదే?" అన్నాను.

"పిల్ల నేర్సుకుంటది తియ్. గప్పటిదాక ఆళ్లు మన మాట నేర్వాలె. పెద్దోళ్లు గదా, ఏం రోగం?"

దంపతులు వచ్చి వారం రోజులున్నారు. ఆయమ్మ వాళ్లను రోజూ చాప మీద కూర్చోబెట్టి ఆకలి, నీళ్లు, నొప్పి, భయం అన్న మాటలు నేర్పింది. రాసుకోబోతే కాగితం గుంజుకునేది. "పిల్ల ఏడుస్తాంటే కాగితం దేవులాడుతరా?"

ఆఖరి రోజు పరీక్ష. ఆయమ్మ కడుపు పట్టుకుని, "అమ్మో, నొస్తాంది" అంటూ కూలబడింది. ఆ తెల్లాయన ఉరికొచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, అరవై ఏళ్ల ఆయమ్మను అడిగాడు:

"ఏడ నొస్తాంది బిడ్డా?"

మేం పడీ పడీ నవ్వాం. ఆయమ్మ మాత్రం లేచి చీర దులుపుకుంది. "పాసైండు. ఇగ తోల్కపొమ్మను."

పండుగకోసారి వాళ్లు వీడియో ఫోను చేసేవారు. పిల్ల ఇటలీ మాట గలగలా మాట్లాడేది, తెలుగు మరిచిపోయింది. నేను నొచ్చుకుంటే ఆయమ్మ కసిరేది: "మరిస్తే మరువనీ. గదే దాని ఇల్లాయె. మొకం జూడు, ఎట్ల నవ్వుతాందో!"

ఆయమ్మ పోయిన రోజు నా మనుమరాలు వాళ్లకు కబురు పంపింది. వెంటనే ఫోను మోగింది. ఆ తండ్రికి తల నెరిసింది. నా ముఖం చూసి, ఫోను దగ్గరికి వంగాడు.

"ఏడ నొస్తాంది బిడ్డా?"

ఏడుపులోనే నవ్వొచ్చింది. గుండె మీద చెయ్యి పెట్టి చూపించాను. ఆయన పక్కన పిల్ల తనూ అక్కడే చెయ్యి పెట్టుకుంది.