టిక్ లేకపోతే టీ లేదు

మా మేడమ్ పోయారు. మంగళవారం పొద్దున తార్నాకలో బస్సు దిగుతూ ఫోన్‌లో ఆ వార్త చూశాను. క్లాసు గ్రూపులో రెండు రోజులుగా నడుస్తున్న తిట్ల మధ్య ఎవరో ఒక్క వాక్యం పెట్టారు. దాని కింద పది దండాలు, ఆ తర్వాత మళ్లీ తిట్లు. ముందు అలసట వచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది.

ఆవిడ మా యూనివర్సిటీలో సైకాలజీ చెప్పి రిటైరయ్యారు. ఆ తర్వాత కూడా శనివారాలు తార్నాకలోని తన ఇంట్లో మాకు పాఠం చెప్పేవారు. మంచిచెడ్డల దగ్గర మనుషులు ఎందుకు విడిపోతారన్నదే ఆవిడ జీవితమంతా చదివిన విషయం. ఆ ఇంట్లో ఒక నియమం ఉండేది. ఇద్దరు గొడవపడితే, ఎదుటి మనిషి మాటను కాగితం మీద రాయాలి. ఆ మనిషి చదివి, ‘అవును, నేనన్నది ఇదే’ అని పెన్సిల్‌తో టిక్ పెట్టాలి. అప్పటిదాకా జవాబు చెప్పే హక్కు లేదు. “టిక్ లేకపోతే టీ లేదు” అనేవారు. నిజంగానే ఇచ్చేవారు కాదు. వంటగదిలోంచి అల్లం వాసన వస్తుంటే మేం పెన్సిళ్లు కొరుక్కుంటూ కూర్చునేవాళ్లం.

ఈ ఏడాది క్యాంపస్‌లో సభలకు అనుమతి లేదన్నారు. దానికి నిరసనగా క్లాసులు బంద్ పెట్టాలన్నవాళ్లలో నేనూ ఉన్నాను. హాస్టల్లో ఉండే నా స్నేహితురాలు వద్దంది. అందరి ముందు తనను “అమ్ముడువోయినవ్” అన్నాను.

“నీకేందే, మౌలాలిల ఇల్లున్నది. బంద్ అయితే బస్సెక్కి పోతవ్” అంది తను. అంతటితో మా మధ్య మాటలు ఆగిపోయాయి.

మేడమ్ కాగితం రాయమన్నారు. ‘ఆమెకు మార్కులు తప్ప ఏమీ పట్టవు’ అని మొదలుపెట్టాను. “ఇది ఆ పిల్ల మాటా, నీ తిట్టా?” అని తిప్పి ఇచ్చేశారు. రెండోసారి తనన్న మాటలన్నీ పొల్లుపోకుండా రాసి, హాస్టల్‌కి పంపాను. టిక్ లేకుండా తిరిగొచ్చింది.

“మాటలు రాశావు. భయం రాయలేదు” అన్నారు మేడమ్. “మనం తర్కంతో మొదలుపెట్టం తల్లీ. ఏదో పోతుందన్న భయంతో మొదలుపెడతాం. తర్కం తర్వాత వెతుక్కుంటాం.”

“దాని భయమేందో నాకెట్ల తెలుస్తది మేడమ్?”

“అడిగావా?”

నేను కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. కాసేపటికి పక్కనున్న తన బైబిల్లోంచి మడత నలిగిన కాగితం ఒకటి తీసి చూపించారు. రాష్ట్రం విడిపోయినప్పుడు తమ్ముడితో మాటలు ఆగిపోయాయట. ఆయన మాటగా ఆవిడ రాసిన కాగితం అది. “ఇన్నేళ్లు అందరి చేతా రాయించాను. నాది మాత్రం వాడికి చూపించలేకపోయానమ్మా. ఇప్పుడిక ఓపిక లేదు” అన్నారు.

నా స్నేహితురాలిని వచ్చే వారం అడుగుదాంలే అనుకున్నాను. అలా నాలుగు వారాలు గడిచాయి.

అంత్యక్రియల రోజు ఆ బైబిల్‌ను పెట్టెలో ఆవిడ చేతుల కింద ఉంచారు. కాగితం అందులోనే ఉండి ఉంటుంది. మూత వేస్తుంటే నేను అక్కడ నిలబడలేక బయటికొచ్చాను. మెట్ల మీద నా స్నేహితురాలు కూర్చుని ఉంది.

“బంద్ అయితే నీకేమయితదే?” అని అడిగాను.

తను జరిగి నాకు చోటిచ్చింది. “హాస్టల్ మూస్తరు. ఇంటికి పోవాలె. పోయినసారి పోతే మా నాయిన రెండు నెలలు దుకాణంల కూసోబెట్టిండు. ఈసారి పోతే మల్ల పంపడు.”

రెండేళ్ల స్నేహంలో నాకు తెలియని సంగతి. అదే మెట్టు మీద కూర్చుని మూడోసారి రాశాను. సభలు ఉండాలనే ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ ఆ కాగితంలో నా గొంతు ఎక్కడా వినిపించకుండా రాయడం, నేను ఇంతవరకు రాసినవాటన్నిటికన్నా కష్టమైంది.

సిగ్నల్ దగ్గరి చాయ్ బండి దాకా నడిచాం. తను కాగితం చదివింది. పెన్సిల్ ఇచ్చాను, తీసుకోలేదు. “అన్నా, రెండు చాయ్” అంది.

“టిక్ పెట్టకుండనే చాయా?”

“ఆగవే. మల్లోసారి చదువనీ.”

బస్సు గాలికి బండి మీది కాగితం లేవబోతే తన గ్లాసు దాని మీద పెట్టింది. మళ్లీ ఎత్తేసరికి, టిక్ ఉండాల్సిన చోట గుండ్రటి తడి మరక.